రాయి పుట్టుకలోనే నీటి లెక్క

అగ్నిశిలకూ అవక్షేప శిలకూ తేడా ఏమిటంటే బడిపిల్లలు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఒకటి కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడింది, రెండోది ఇసుకో మట్టో సున్నమో పొరలుపొరలుగా పేరుకుని గట్టిపడింది. మొదటిదానిలో స్ఫటికాలు, రెండోదానిలో శిలాజాలు. మొదటిది గట్టిది, రెండోది మెత్తనిది. పరీక్షలో మార్కులకు ఇది చాలు. మాదాపూర్ నుంచి కోకాపేట దాకా గుట్టల మీదా గుట్టల మధ్యా లేచిన ఐటీ కారిడార్‌కు మాత్రం చాలదు. ఇక్కడ రాయి పుట్టుక గురించిన ప్రశ్న వేసవిలో ట్యాంకరు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నతో నేరుగా ముడిపడి ఉంది. ఈ రెండు జాతుల రాళ్ల మధ్య మనకు అక్కరకొచ్చే తేడాను గట్టిదనంలో వెతికితే దొరకదు, వాటిలోని ఖాళీల్లో వెతకాలి. అవక్షేప శిల గింజల మధ్య సందులనో పొరల మధ్య సందులనో పుట్టుకతోనే తెచ్చుకుంటుంది, ఎంత లోతుకు వెళ్లినా అవి ఏదో ఒక మేరకు ఉంటాయి. గ్రానైటు ఖాళీ లేకుండా పుడుతుంది. పైకి తేలి, ఎండావానలకు చివికి, పై ఇరవై ముప్పై మీటర్లలో మాత్రమే ఖాళీలు సంపాదించుకుంటుంది. ఆ సంపాదన మొత్తం ఉన్న పై భాగాన్నే సైబరాబాద్ తవ్వి లారీలకెత్తుతోంది.

పోల్చడానికి నమూనాల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఖాజాగూడలోని ఫక్రుద్దీన్ గుట్ట ఒక నమూనా. దగ్గరగా చూస్తే గులాబీ, బూడిద రంగుల ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే పలుగురాయి, మధ్యమధ్య నల్ల అభ్రకపు చుక్కలు ఒకదాన్నొకటి గట్టిగా కరచుకుని ఉంటాయి. గింజలు కంటికి ఆనేంత పెద్దవి కావడమే అది భూమి లోపల కిలోమీటర్ల లోతులో, బహు నెమ్మదిగా చల్లారిందనడానికి సాక్ష్యం. దాని వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. రెండో నమూనా అపార్టుమెంటు వరండాల్లోనూ, పాత ఇళ్ల నేల మీదా, కాలిబాటల మీదా పరిచిన తాండూరు బండ. హైదరాబాద్‌కు పడమరగా వంద కిలోమీటర్లకు కాస్త అవతల, వికారాబాద్ జిల్లా దాటి కర్ణాటకలోని షాబాద్, కలబురగి దాకా పరుచుకున్న భీమా పరీవాహకపు సున్నపురాయి అది. ఒకనాటి లోతు తక్కువ సముద్రం అడుగున సున్నపు బురద పలచటి పొరలుగా దిగి ముద్దకట్టింది. మన వాళ్లు నాపరాయి అనేదీ, షాబాదు బండ అనేదీ ఈ కోవలోదే. గనిలో ఈ రెండు రాళ్లను తీసే తీరే వాటి జన్మను చెప్పేస్తుంది. తాండూరులో పొర కింద గడ్డపార దూర్చి ఎత్తితే బండ పలకలా లేస్తుంది. గ్రానైటులో అలాంటి దారి సిద్ధంగా ఉండదు. వడ్డెర పనివాళ్లు వరసగా గుంటలు కొట్టి, ఇనుప చీలలు దిగ్గొట్టి, చీలికను తామే పుట్టించాలి. వంటింటి గట్టు మీద ఇంకో పరీక్ష ఉంది. తాండూరు బండ మీద నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, ఎందుకంటే అది కాల్షియం కార్బొనేటు. గ్రానైటు మీద పడితే తుడిస్తే పోతుంది.

ఈ తేడా ఇంత సులువుగా కనిపిస్తున్నా, దీన్ని ఒప్పుకోవడానికి ప్రపంచానికి చాలా కాలం పట్టింది. పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మనీలో భూవిజ్ఞాని వెర్నర్ శిష్యులు గ్రానైటు కూడా ఆదిమ సముద్రపు నీటిలోంచి దిగిన మడ్డేనని బోధించేవారు. 1785లో స్కాట్లాండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో భూవిజ్ఞాని జేమ్స్ హట్టన్ గ్రానైటు నరాలు పాత రాళ్లను చీల్చుకుని దూరిన చోట్లను చూపించాడు. ఉన్న రాయిని చీల్చుకుని దూరాలంటే అది అప్పటికి వేడి ద్రవమై ఉండాలి, ఆ రాయి కంటే తరవాతిదై ఉండాలి. ఆ వాదం అంతటితో ముగియలేదు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా, అవక్షేపాలే లోతుల్లో కరగకుండా రూపం మారి గ్రానైటు అవుతాయని వాదించినవారు పెద్ద పండితులే. 1958లో టటిల్, బోవెన్ అనే శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో నీటి ఆవిరి ఒత్తిడి కింద గ్రానైటు ఖనిజాల మిశ్రమం కరిగే, గట్టిపడే తీరును కొలిచి చూపాకే తక్కెడ శిలాద్రవం వైపు మొగ్గింది. హట్టన్ చూపినలాంటి సాక్ష్యం మన దగ్గరా ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు తెరుచుకున్న రాతిముఖాల మీద తెల్లటి, గులాబీ రంగు నరాలు గ్రానైటును అడ్డంగా కోసుకుపోతూ కనిపిస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల నల్లటి డోలరైటు గోడలు గ్రానైటును చీల్చుకుని నిలువునా పైకొచ్చాయి. ఇక ఈ రెండు జాతుల రాళ్లూ ఒకదానిమీదొకటి కూర్చున్న చోటు చూడాలంటే తిరుమల ఘాట్ రోడ్డు ఉంది. అడుగున పాత గ్రానైటు, దాని మీద ఇసుక పొరల నుంచి తయారైన క్వార్ట్‌జైటు. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్లకు సంబంధించిన రాయే లేదు. అంత కాలం ఆ గ్రానైటు గాలివానలకు ఒరుసుకుపోతూ ఉంది. భారత భూవిజ్ఞాన సర్వే ఆ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించడం సబబైన పని.

పాఠ్యపుస్తకపు గుర్తులు ఎంత బలహీనమైనవో మన పరిసరాలే చెబుతాయి. పొరలుంటే అవక్షేప శిల అనుకుని అనంతగిరి కొండలకు వెళితే తప్పుదారి పడతాం. వికారాబాద్ ప్రాంతంలో దక్కన్ లావా అంచులు ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా విడతలవారీగా పారి ఒకదాని మీద ఒకటి పొరలు కట్టింది, అయినా అది నికార్సయిన అగ్నిశిల. శిలాజాలుంటేనే అవక్షేప శిల అనుకుంటే తాండూరు బండ ఒప్పుకోదు. దాన్ని ఎన్ని పలకలుగా చీల్చినా గవ్వ కనపడదు, ఎక్కువమంది శాస్త్రజ్ఞుల లెక్కలో గవ్వలున్న జీవులు ఇంకా రాని కాలపు సముద్రం అది. శిలాజాలు కావాలంటే గోదావరి లోయకు వెళ్లాలి. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. ఆ లోయ పొరల్లోంచే 1889 నుంచి సింగరేణి బొగ్గు వస్తోంది. హైదరాబాద్ గ్రానైటు కూడా అన్నిచోట్లా నికరమైన గ్రానైటు కాదు. చాలాచోట్ల నైస్ అనే రూపాంతర శిల చారలతో కలిసిపోయి ఉంది, ఆ చారల్ని చూసి అవక్షేపపు పొరలనుకునే ప్రమాదమూ ఉంది. ఇన్ని మినహాయింపులున్నాయి గనుక వర్గీకరణే దండగ అనడం తొందరపాటు. రూపం నమ్మదగిన గుర్తు కాదన్నంత వరకే ఇవి రుజువు చేస్తాయి. పుట్టుక తెలిస్తే రాయి లోపల ఏముంటుందో ముందే అంచనా కట్టవచ్చు, వర్గీకరణ విలువ అందులో ఉంది. నిర్మాణ రంగం దీన్ని ఎప్పుడో గ్రహించింది. పునాదుల భారతీయ ప్రమాణాల్లో పొరలు లేని గ్రానైటు, ట్రాప్ వంటి గట్టి రాళ్లు చదరపు మీటరుకు 3,240 కిలోన్యూటన్ల బరువు మోయగలవని రాశారు. మంచి స్థితిలో ఉన్న ఇసుకరాయికీ సున్నపురాయికీ అందులో సరిగ్గా సగం, 1,620. ఆ పట్టిక గీసిన గీత పొరల దగ్గరే పడింది.

ఖాళీల విషయానికి వస్తే ఇంజనీర్ల పట్టిక తలకిందులవుతుంది. మామూలు ఇసుకరాయిలో వందకు పది నుంచి పాతిక వంతుల దాకా ఖాళీ ఉండవచ్చు. తాజా గ్రానైటులో ఒక వంతు కూడా ఉండదు. నీరు నిలవాలంటే ఆ రాయి ముందు చివకాలి. గ్రానైటు పైకి తేలేకొద్దీ మీది బరువు తగ్గి అడ్డంగా, నిలువుగా బీటలు వారుతుంది. వాన నీరు ఆ బీటల వెంట దిగి ఫెల్డ్‌స్పార్‌ను మట్టిగా మారుస్తుంది. మూలలు ముందు అరుగుతాయి గనుక బీటల మధ్య రాయి గుండ్రంగా మిగులుతుంది, చుట్టూ మొరం తయారవుతుంది. ఆ మొరం కొట్టుకుపోయిన చోట మిగిలినవే ఒకదానిమీదొకటి పేర్చినట్టు నిలిచే మన బండరాళ్లు. మొరం ఇంకా మిగిలి ఉన్న చోటే మన భూగర్భ జలం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి నగరానికి దక్షిణాన మహేశ్వరం పరీవాహకంలో ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఈ చిత్రాన్ని అంకెలతో సహా నిలబెట్టింది. పైన పది పదిహేను మీటర్ల మొరం, దాని కింద మరో పదిహేను ఇరవై మీటర్ల పగుళ్ల పొర, ఆ కింద నికరమైన రాయి. మొరం నీటిని పట్టి ఉంచుతుంది, పగుళ్ల పొర దాన్ని బోరుకు అందిస్తుంది. అడుగున ఉన్న రాయి దాదాపు ఏమీ ఇవ్వదు. ఆ పగుళ్లు కూడా రాయి పుట్టినప్పటివి కావనీ, ఎక్కువ భాగం చివికిపోయే క్రమంలోనే వచ్చాయనీ ఆ పరిశోధకులు చూపించారు. ఈ వ్యాసం మొత్తం నిలబడింది ఆ నిర్ధారణ మీదే.

గ్రానైటు తన లోపల నీటిని దాచుకోలేదని శాస్త్రం పేరు తెలియకపోయినా మన పూర్వీకులకు తెలుసు. అందుకే తెలంగాణ నేల మీద చెరువు లేని ఊరు అరుదు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ లెక్కలోకి 46 వేలకు పైగా చెరువులు వచ్చాయి. రాయి దాచుకోలేని నీటిని నేల మీద దాచడం, ఆ చెరువు అడుగు నుంచి కొద్దికొద్దిగా మొరంలోకి దింపడం, దిగువ బావులకు ఊట అందించడం, ఇదంతా ఒకే ఏర్పాటు. ఇందులో గుట్టకూ పని ఉంది. బోడి రాతి మీద పడిన వాన ఇంకదు, దాదాపు మొత్తం జారి పల్లానికి చేరుతుంది. మాదాపూర్ గుట్టల మధ్య ఉన్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిందంటే, ఆ చుట్టూ ఉన్న రాళ్లే దానికి వాన నీరు పోగుచేసి పెట్టాయి. 1908 మూసీ వరదల తరవాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కూడా ఇదే తర్కం మీద పనిచేశాయి. గుట్ట, చెరువు, మొరం మూడూ కలిస్తేనే గ్రానైటు నేలకు నీటి వ్యవస్థ. ఇందులో చెరువు గురించి మనకు కొంత స్పృహ వచ్చింది, గుట్ట గురించి అంతకంటే తక్కువ, మొరం గురించి అసలే లేదు.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఇక్కడ నేల మీద ఏం లేచిందో అందరికీ కనిపిస్తూనే ఉంది. నేల కిందికి ఏం దిగిందో చూసేవారు తక్కువ. కార్ల కోసం మూడు, నాలుగు, కొన్నిచోట్ల అంతకు మించి సెల్లార్లు. ఒక్కో అంతస్తుకు మూడు నాలుగు మీటర్ల చొప్పున లెక్కేస్తే, తవ్వకం పది పదిహేను మీటర్లకు చేరుతుంది, అంటే మహేశ్వరంలో కొలిచిన మొరం మందానికి సరిగ్గా సరిపోతుంది. ఎకరం స్థలంలో 15 మీటర్ల చివికిన పొర ఉందనుకుందాం. అందులో వందకు రెండు వంతులే వాడుకోదగ్గ నీరని పొదుపుగా లెక్కించినా 12 లక్షల లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు 120. సెల్లార్ తవ్వితే పోయేది ఆ నీరు ఒక్కటే అయితే ఒకసారికి నష్టం అనుకోవచ్చు. ఏటా వానకు ఆ నీటిని మళ్లీ నింపుకునే చోటే పోతోంది. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే ఈ నగరంలో ఆ ఎకరం మీద 32 లక్షల లీటర్లు కురుస్తాయి. మొరం తీసేశాక అందులో ఇంకాల్సిన వంతుకు అక్కడ దాదాపు చోటుండదు. అదీ రోడ్డెక్కుతుంది. సెల్లార్ గోడల వెంట పక్క స్థలాల ఊట వచ్చి చేరితే దాన్నీ మోటార్లు పెట్టి కాలువలోకి తోడేస్తారు, అలా పొరుగువారి మొరం కూడా ఎండుతుంది. ఇంకుడు గుంతల సంగతీ ఇక్కడే తేలుతుంది. ఇసుక నేలలోనో మందమైన మొరంలోనో పనిచేసే గుంతను, అడుగున నికరమైన రాయి తగిలే చోట తవ్వితే అది తన కడుపు నిండేంత నీటినే పట్టి ఆగిపోతుంది. అవక్షేప నేలకు తగ్గ వైద్యాన్ని అగ్నిశిల నేలకు చేస్తున్నాం. గుంత అడుగు పగుళ్ల పొరను తాకేలా బోరు దింపితేనే గ్రానైటు నేలలో అది ఇంకుడు గుంత అవుతుంది.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం బోర్ల నుంచి వస్తుంది. వెయ్యి అడుగుల బోరులో కూడా నీళ్లు పడ్డాయి కదా, మరి కింద ఏమీ లేదనడం ఎలా? పడతాయి, అక్కడక్కడ. లోతైన బీటో, డోలరైటు గోడ అంచో తగిలితే కొన్నాళ్లు బాగానే వస్తాయి. కానీ లోతుకు వెళ్లేకొద్దీ బీటలు తగ్గుతాయి, ఉన్నవి ఒకదానికొకటి కలవవు, వాటిలోకి నీరు మళ్లీ చేరాలంటే అదే పై పొర గుండా దిగాలి. పై పొర లేనప్పుడు లోతు బోరు తోడేది పాత నిల్వ మాత్రమే. పక్కపక్కనే వేసిన రెండు బోర్లలో ఒకటి పొంగి ఒకటి దుమ్ము లేపడం కూడా ఈ రాయి స్వభావమే. సత్తుపల్లి, మణుగూరు వైపు గోండ్వానా ఇసుకరాళ్లలో ఇంత జూదం ఉండదు. లోతు నీటికి ఇంకో ఖర్చుంది. గ్రానైటులోని నల్ల అభ్రకం, ఫ్లోరైటు, అపటైటు వంటి ఖనిజాలతో నీరు ఎక్కువ కాలం కలిసి ఉంటే ఫ్లోరైడ్ పెరుగుతుంది. 1937లో ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించిందీ, నల్గొండ పల్లెల్లో తరాల ఎముకలు వంగిందీ గట్టి రాతి నేలల నీటి వల్లే. సున్నపురాతి నేలలో కాల్షియం ఎక్కువగా ఉండి ఫ్లోరైడ్‌ను చాలావరకు కట్టిపడేస్తుంది. ఆ నీరు కఠిన జలమన్నది వేరే సమస్య. రాయి జాతి నీటి రుచిని, ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే నొప్పి కలిగించే సాక్ష్యం మన రాష్ట్రాల్లో లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పైపుల్లో వస్తుంటే ఈ మొరం మీద ఇంత బెంగ దేనికి? నిజమే, నగరం దాహం ఇవాళ నదులే తీరుస్తున్నాయి, ముందూ అవే తీర్చాలి. అయితే ఆ నీటిని ఎత్తిపోయడానికి కరెంటు కావాలి, నదుల్లో నీరుండాలి, పైపు చివర ఉన్న కొత్త కాలనీకి వంతు రావాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా వేసవిలో దిక్కు ట్యాంకరే. ట్యాంకరు నీరు శివారు గ్రామాల బోర్లలోంచి వస్తుంది. ఆ బోర్లున్నదీ ఇదే గ్రానైటులో, ఇదే ముప్పై మీటర్ల పొరలో. మన కింద మొరాన్ని తవ్విపారేసి పొరుగూరి మొరాన్ని పిండుకుంటున్నామన్నమాట. ఇది ఏ లెక్కలోనూ న్యాయమనిపించుకోదు.

మూడోది నిర్మాణదారుల మాట. గ్రానైటు ఇచ్చిన మేలును మరిచిపోతున్నారని వారి ఫిర్యాదు. ఇంత గట్టి పునాది ఉండబట్టే నలభై, యాభై అంతస్తులు నిలబడుతున్నాయి, సున్నపురాతి నేల అయితే నీటికి కరిగిన గుహలుంటాయేమోనని భయపడాల్సి వచ్చేది. ఇది కాదనలేని మాట. పైగా ఈ కట్టడాల్లో రెండు జాతుల రాళ్లూ కలిసే ఉన్నాయి. గ్రానైటును పగలగొట్టి చేసిన కంకర, క్రషర్లలో తయారైన రోబో శాండ్ ఒకవైపు, తాండూరు వంటి చోట్ల సున్నపురాయిని కాల్చి చేసిన సిమెంటు మరోవైపు. కాంక్రీటంటే ముక్కలను సున్నపు బంకతో కలిపి గట్టిపరచిన రాయి, అంటే మనిషి కొన్ని వారాల్లో చేసిన అవక్షేప శిల. కాబట్టి రాయిని ముట్టవద్దని ఎవరూ అనలేరు. గట్టి రాయి బరువు మోయడానికి కావాలి, చివికిన పొర నీటిని మోయడానికి కావాలి. సెల్లార్ల బదులు కార్ల కోసం నేలపై అంతస్తులు కేటాయిస్తే పునాది కాళ్లు మాత్రమే గట్టి రాతి దాకా దిగుతాయి, మధ్యలో మొరం చాలావరకు మిగులుతుంది. దీనికి ఖర్చు ఉంది, అమ్ముకోదగ్గ అంతస్తులు తగ్గుతాయి. ఆ ఖర్చును ఇప్పుడు నగరం మొత్తం ట్యాంకర్ల రూపంలో, వరద రూపంలో పంచుకుని భరిస్తోంది.

గుట్టల పక్షాన మాట్లాడేవారు ఇప్పటిదాకా ఎక్కువగా అందం గురించీ వారసత్వం గురించీ వాదించారు. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ కృషి వల్లే కొన్ని రాతి సముదాయాలు వారసత్వ జాబితాలోకి వచ్చాయి, ఫక్రుద్దీన్ గుట్ట, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి అలా దక్కాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినప్పుడు చర్చంతా చెట్లూ జింకలూ నెమళ్ల చుట్టూ తిరిగింది, తిరగాల్సిందే. ఆ చెట్లు నిలబడిన మొరం, ఆ మొరానికి నీరు జారవిడిచే బండలు కూడా ఆ నాలుగు వందల ఎకరాల విలువలో భాగమేనని అంతే గట్టిగా చెప్పాల్సింది. చెట్టు నాటితే ఇరవై ఏళ్లలో వస్తుంది. మొరం లక్షల ఏళ్ల పని. ఆ వేగంతో పోలిస్తే దాన్ని తిరిగి రానిదిగానే లెక్కించాలి.

ఇక్కడ కావలసిన సమాచారం కొత్తగా కనిపెట్టాల్సింది కూడా కాదు. ప్రతి టవరుకు ముందు పునాది కోసం భూపరీక్ష బోర్లు వేస్తారు. ఎన్ని మీటర్ల దగ్గర మొరం ఆగింది, ఎక్కడ పగుళ్లు మొదలయ్యాయి, ఎక్కడ నికరమైన రాయి తగిలింది, నీటి మట్టం ఎంతలో ఉంది అన్నది ఆ నివేదికల్లో మీటరు మీటరుకూ రాసి ఉంటుంది. మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ, కోకాపేటల్లో పాతికేళ్లుగా వేసిన ఇలాంటి బోర్ల నివేదికలను అనుమతులిచ్చే శాఖలు ఒకచోట చేర్చి, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వంటి వారి చేతికిస్తే కారిడార్ మొత్తానికీ చివికిన పొర మందం పటం తయారవుతుంది. ఆ పటం మీద పల్లాల్లో, పాత చెరువుల అంచుల్లో పొర మందంగా కనిపిస్తుంది. తవ్వడానికి సులువని సెల్లార్లు లోతుగా దిగే చోట్లూ అవే. ముందుగా లోతుకు హద్దు పెట్టాల్సింది అక్కడ. రాయి నేల మీదికే తేలి, మొరం ఎప్పుడో కొట్టుకుపోయిన చోట సెల్లార్ తవ్వినా నీటికి పోయేది తక్కువ, అక్కడ హద్దు సడలించవచ్చు. ఇప్పుడు రెండు చోట్లకూ ఒకే కొలతతో అనుమతి ఇస్తున్నారు.